ఆర్థిక పత్రాల అధికారిక అనువాదం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల విదేశీ చదువుకు, వీసా దరఖాస్తుకు, హైకోర్టు వ్యాజ్యానికి, బ్యాంకు బకాయి కేసుకు తెలుగులో ఉన్న ఆర్థిక పత్రాలను ఇంగ్లీషులో సమర్పించవలసి వచ్చినప్పుడు ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఎక్కువ మంది అడిగే ప్రశ్నలను, వాటికి సమాధానాలను ఇక్కడ ఉంచాము. విదేశాల నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక, దరఖాస్తు పెట్టే ముందు ఆ దేశపు అధికారిక వెబ్‌సైటులోని పత్రాల జాబితాను ఒకసారి సరిచూసుకోవాలి.

మా దగ్గరున్న ఆర్థిక పత్రాలన్నిటినీ అనువాదం చేయించాలా?

అవసరం లేదు. అవసరం లేనివాటికి కూడా డబ్బు పోసే వారే ఎక్కువ. ఆదాయపు పన్ను రిటర్నులు, ఫారం 16, ఫారం 26ఏఎస్, వాణిజ్య బ్యాంకుల ఖాతా స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ఆస్తుల విలువ ధ్రువపత్రం మామూలుగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అనువాదం కావలసినవి వేరు. అడంగల్ (సాగు వివరాల రికార్డు), వన్‌బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో తెలిపే రికార్డు), పట్టాదారు పాసు పుస్తకం, రిజిస్టరైన క్రయ దస్తావేజులు, భాగ పంపిణీ పత్రాలు, ప్రోనోట్లు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల రసీదులు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, పొదుపు సంఘాల పుస్తకాలు ఈ కోవలోకి వస్తాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలను తెలిపే ధ్రువపత్రం) విషయంలో మాత్రం కాగితం చూసి నిర్ణయించుకోవాలి. శీర్షికలు ఇంగ్లీషులో ఉండి ఆస్తి హద్దుల వివరణ తెలుగులో ఉంటే, ఆ పత్రానికీ అనువాదం కావాలి.

అనువాదం చేయించకుండా, ఇచ్చిన కార్యాలయాన్నే ఇంగ్లీషులో ఇమ్మని అడగవచ్చా?

అడగవచ్చు, మొట్టమొదట చేయవలసిన పని కూడా అదే. సహకార బ్యాంకు గానీ గ్రామీణ బ్యాంకు గానీ తన లెటర్‌హెడ్ మీద ఖాతా నిల్వను, ఖాతా తెరిచిన తేదీని, అప్పు బాకీ ఉందో లేదో ఇంగ్లీషులో రాసి, మేనేజరు సంతకంతో, రౌండు సీలుతో ఇస్తే అది అసలు పత్రమే అవుతుంది. దానికి అనువాదకుడి ధ్రువీకరణతో పని లేదు. విదేశీ అధికారి దృష్టిలో కూడా అనువాదం కన్నా అలాంటి లేఖకే బలం ఎక్కువ. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే ఇంగ్లీషు ప్రతి కావాలని చెప్పి చూడండి. పత్రం ముద్రణ అయ్యాక అడిగితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టమంటారు.

ప్రభుత్వ గుర్తింపు పొందిన అనువాదకుడు అంటే ఎవరు? శ్రీకాకుళంలో ఉన్నారా?

జర్మనీ వంటి దేశాల్లో కోర్టు ముందు ప్రమాణం చేసి నియమితులయ్యే అనువాదకులు ఉంటారు. మన దేశంలో ప్రైవేటు అనువాదకులందరికీ వర్తించే అలాంటి లైసెన్సు ఏదీ లేదు. కనుక బోర్డు మీద ‘ప్రభుత్వ గుర్తింపు’ అని కనిపిస్తే, ఏ ప్రభుత్వం, ఏ ఉత్తర్వు అని అడగడంలో తప్పు లేదు. చట్టంలో స్పష్టంగా కనిపించే అధికారం ఒకటి ఉంది. 1952 నాటి నోటరీల చట్టంలోని 8వ సెక్షన్ నోటరీ విధులను చెబుతూ, పత్రాన్ని ఒక భాష నుంచి మరొక భాషలోకి అనువదించడాన్నీ, అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించడాన్నీ వాటిలో చేర్చింది. ఆచరణలో ఇక్కడ జరిగేది ఏమిటంటే, రెండు భాషలూ బాగా వచ్చిన వ్యక్తి అనువదించి తన పేరుతో ధ్రువీకరణ రాస్తాడు, అవసరమైన చోట నోటరీ ఎదుట ప్రమాణ పత్రం ఇస్తాడు. జిల్లా కోర్టు ఆవరణల్లో నోటరీలు దొరుకుతారు. రెవెన్యూ భాష, దస్తావేజు భాష తెలిసిన అనువాదకులు మాత్రం తక్కువ. కాబట్టి పని అప్పగించే ముందు ఆయన గతంలో చేసిన అడంగల్ అనువాదం ఒకటి, పేర్లు కొట్టేసినదైనా సరే, చూపించమని అడగండి.

ఏ దేశానికి ఎలాంటి ధ్రువీకరణ కావాలి?

తిరస్కరణలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి కనుక నాలుగు దేశాల సంగతి వివరంగా చెబుతాము.

అమెరికా వలస విభాగం నిబంధన ప్రకారం పరభాషా పత్రానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణంగా, ఖచ్చితంగా ఉందనీ, ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకు ఉందనీ అనువాదకుడు ధ్రువీకరించాలి. ఆ నిబంధన నోటరీని కోరదు. అయినా మన దగ్గర అందరూ నోటరీ చేయిస్తారు. దానివల్ల నష్టమేమీ లేదు గానీ, ఆ రెండు వాక్యాల ధ్రువీకరణ లేకుండా నోటరీ ముద్ర ఒక్కటే ఉంటే అది చాలదు.

బ్రిటన్ కోరేవి నాలుగు: అసలు పత్రానికి ఇది ఖచ్చితమైన అనువాదమనే మాట, అనువదించిన తేదీ, అనువాదకుడి పూర్తి పేరుతో సంతకం, ఆయనను సంప్రదించే వివరాలు. తేదీ వేయడం మరచిపోవడం ఇక్కడ తరచుగా కనిపించే లోపం.

కెనడా వీటికన్నా కఠినంగా ఉంటుంది. అనువాదకుల వృత్తి సంఘంలో సభ్యత్వం ఉన్న అనువాదకుడు కాకపోతే, అనువాదకుడు నోటరీ ఎదుట ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. దానితోపాటు ఏ పత్రం నుంచి అనువదించారో ఆ పత్రపు ధ్రువీకృత నకలును జతచేయాలి. దరఖాస్తుదారు గానీ, ఆయన తల్లిదండ్రులు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, పిన్నమ్మ, మేనమామ, మేనల్లుడు, దగ్గరి అన్నదమ్ముల వరస వారు గానీ, దరఖాస్తు నింపిపెట్టే ప్రతినిధి గానీ చేసిన అనువాదం చెల్లదు. ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసే మేనమామగారు ఎంత చక్కగా రాసినా కెనడాకు పనికిరాదన్నమాట.

ఆస్ట్రేలియాలో ఉండి అనువాదం చేయించేవారు నాటీ (అనువాదకులకు అక్కడ గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న అనువాదకుడి దగ్గరకు వెళ్లాలి. మన దేశంలో చేయించేటప్పుడు ఆ గుర్తింపు తప్పనిసరి కాదు గానీ, అనువాదకుడు తన పూర్తి పేరు, చిరునామా, టెలిఫోను నంబరు, భాషలో తనకున్న అర్హత లేదా అనుభవం రాయాలి.

అమెరికా నిబంధనలో బంధువు అనువదించకూడదనే మాట లేదు. అయినా డబ్బుకు సంబంధించిన పత్రాన్ని ఆ డబ్బు వల్ల లాభపడే కుటుంబ సభ్యుడే అనువదించడం ఏ దేశానికైనా మంచిది కాదని మా అభిప్రాయం.

నోటరీ ముద్ర పడితే అనువాదం సరైనదని రుజువైనట్టేనా?

అనువాదకుడు తన ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాడని మాత్రమే నోటరీ రాస్తే, ఆ ముద్ర రుజువు చేసేది ఆ సంతకాన్నే. అంకెల్లో తప్పు ఉంటే దాని బాధ్యత అనువాదకుడిది, దాని ఫలితం మీది. నోటరీ తానే రెండు ప్రతులను పోల్చి చూశానని రాస్తే విషయం వేరు. ఏది రాశారో చదవకుండా ఎర్ర సీలు చూసి తృప్తిపడవద్దు. నోటరీ పేరు, రిజిస్టరు క్రమ సంఖ్య, తేదీ చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అపోస్టిల్ కూడా కావాలా?

ఒక దేశపు పత్రం హేగ్ ఒప్పందంలోని మరో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్రే అపోస్టిల్. వీసా దరఖాస్తుకు జతచేసే ఆర్థిక పత్రాలకు దీన్ని సాధారణంగా అడగరు. విదేశంలో కోర్టుకో, రిజిస్ట్రీకో, వారసత్వపు వ్యవహారానికో సమర్పించేటప్పుడు అడగవచ్చు. 1961 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. కెనడా విషయంలో ఈ ఒప్పందం 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ అందులో లేదు కనుక అక్కడికి రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. అపోస్టిల్ ఇచ్చేది విదేశాంగ మంత్రిత్వ శాఖ. దానికి ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ జరగాలి. ఇది వారాల పని కనుక, అడిగితేనే మొదలుపెట్టండి.

అడంగల్, వన్‌బీ, పాసు పుస్తకం అనువాదంలో దేన్ని జాగ్రత్తగా చూడాలి?

విస్తీర్ణం, సంవత్సరం, గళ్ల శీర్షికలు. ఈ మూడింటిలోనే పొరపాట్లు దొర్లుతాయి.

మన జిల్లాల రికార్డులో 2.35 అని ఉంటే అది రెండు ఎకరాల ముప్పై ఐదు సెంట్లు. ఎకరాకు వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. తెలంగాణ లెక్కకు అలవాటు పడిన అనువాదకుడు చుక్క తర్వాతి అంకెను గుంటలుగా రాసిన సందర్భాలు ఉంటాయి. ఎకరాకు నలభై గుంటలే కనుక విస్తీర్ణం మొత్తం మారిపోతుంది. అసలు కొలతను అలాగే ఉంచి, అనువాదకుడి గమనికగా అడుగున ‘సుమారు 0.951 హెక్టారు’ అని చూపడం సరైన పద్ధతి. పాత కౌలు కాగితాల్లో శిస్తును పుట్లలో, కుంచాల్లో రాసి ఉంటే ఆ మాటలను ఉచ్చారణ ప్రకారం ఉంచాలి. ఆ కొలతలు ఊరికో రకంగా ఉండేవి గనుక కిలోల్లోకి మార్చే సాహసం చేయకూడదు.

ఇక ఫసలీ, అంటే రెవెన్యూ రికార్డుల్లో వాడే సంవత్సరం. అది జూలై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకపు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు. అనువాదంలో 1434 అనే అంకె ఒక్కటే ఉంటే విదేశీ అధికారి దాన్ని తేదీలో తప్పు అనుకుంటారు. కనుక గమనిక తప్పనిసరి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో, ఫసలీ జూలైలో మొదలవుతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రిటర్నులో చూపిన వ్యవసాయ ఆదాయం ఒక సంవత్సరానిది, అడంగల్లో చూపిన పంట మరొక సంవత్సరానిది కాకుండా చూసుకోవాలి.

మరొక మాట. అడంగల్ గానీ వన్‌బీ గానీ భూమి విలువను చెప్పవు. ఎవరి పేరున ఎంత భూమి ఉందో, సాగులో ఎవరున్నారో, ఏ పంట వేశారో మాత్రమే చెబుతాయి. విలువ చూపాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం మార్కెట్ విలువ పత్రమో, రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదికో, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రమో కావాలి. చార్టర్డ్ అకౌంటెంటు పత్రం మీద అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ (ఆ పత్రానికే ప్రత్యేకమైన గుర్తింపు) నంబరు ఉండాలి. అది 2019 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయింది.

మా దస్తావేజులో ‘శ్రీకాకుళం జిల్లా, రాజాం’ అని ఉంది. ఇప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో ఉంది కదా, అనువాదంలో మార్చి రాయాలా?

మార్చకూడదు. అనువాదకుడు కాగితం మీద ఉన్నదే రాయాలి. ఇప్పటి జిల్లా పేరును అడుగున గమనికలో చెప్పాలి. మన ప్రాంతంలో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడింది. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి ప్రాంతాలు శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణలో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, పాలకొండ అందులోకి వెళ్లింది, రాజాం విజయనగరానికి వచ్చింది. అంటే బొబ్బిలిలోని ఒకే స్థలానికి తాతగారి దస్తావేజు శ్రీకాకుళం జిల్లా అనీ, మనవడి దస్తావేజు విజయనగరం జిల్లా అనీ చెప్పవచ్చు. పార్వతీపురంలోనైతే మూడో జిల్లా పేరు కూడా చేరుతుంది. 1985కు ముందు దస్తావేజుల్లో మండలానికి బదులు తాలూకా ఉంటుంది. ఈ చరిత్ర తెలియని అధికారికి ఇవి వేర్వేరు ఆస్తుల్లా కనిపిస్తాయి. సర్వే నంబరు, గ్రామం పేరు అన్ని అనువాదాల్లోనూ ఒకే అక్షర క్రమంతో ఉంచి, జిల్లా మార్పుకు ఒక గమనిక రాస్తే సందేహానికి తావుండదు.

బ్యాంకు పేరు మారితే?

ఇదే సూత్రం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన జిల్లాల్లో ఊరూరా ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పాసు పుస్తకాన్ని పాత పేరుతోనే అనువదించాలి. విలీనం సంగతిని, పాత, కొత్త ఖాతా వివరాలు ఒకే ఖాతావన్న మాటను ఇప్పటి శాఖ మేనేజరు లేఖ ద్వారా చూపించాలి.

ప్రోనోటు అనువాదం ఎందుకు కష్టమంటారు? అర పేజీ కాగితమే కదా?

ఆ అర పేజీలో వడ్డీ రేటు ఒక్కటి తప్పితే మొత్తం లెక్క తలకిందులవుతుంది. మన వాడుకలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ప్రోనోటులో ‘నెల 1కి నూటికి రూ.2లు చొప్పున వడ్డీతో’ అని ఉన్నదాన్ని రెండు శాతం అని మాత్రమే రాస్తే, చదివినవారు అది సాలీనా రేటు అనుకుంటారు. లక్ష రూపాయల మీద ఏడాదికి 24,000 రావలసిన చోట 2,000 లెక్కకు వస్తుంది. కనుక ‘నెలకు, నూటికి’ అనే రెండు మాటలూ అనువాదంలో తప్పక కనిపించాలి. సాలీనా లెక్కను గమనికలో ఇవ్వవచ్చు. రూపాయిన్నర అంటే 18, రూపాయి పావలా అంటే 15.

రెండో సంగతి కాగితం వెనకవైపు. అప్పు తీసుకున్నవారు కొంత సొమ్ము కట్టినప్పుడు వెనకవైపున తేదీ వేసి, ‘ఈ దిగువ సంతకం చేసినవారు అసలులో రూ.5,000లు చెల్లించి చెల్లు వేయించుకున్నారు’ అని రాసి సంతకం పెడతారు. ప్రోనోటు మీద దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, ఆ గడువు తీరకముందే బాకీదారు సంతకంతో పడిన చెల్లు నుంచి కొత్తగా గడువు మొదలవుతుంది. అంటే వెనకవైపున ఉన్న ఆ రెండు పంక్తుల మీదే కేసు నిలవవచ్చు, పోవచ్చు. అయినా ముందువైపు మాత్రమే ఫోనులో ఫొటో తీసి అనువాదానికి పంపేవారు చాలామంది. రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా పడిన సంతకం, సాక్షుల పేర్లు, రాసినవారి దస్తూరీ, వేలిముద్ర ఉంటే అది ఏ చేతిదో తెలిపే మాట కూడా అనువాదంలో చోటు చేసుకోవాలి.

లక్షలు, కోట్లను విదేశీ పద్ధతిలోకి మార్చాలా?

అంకెను అసలులో ఉన్నట్టే ఉంచండి. 12,50,000 అన్నచోట కామాలు మాత్రం వారి పద్ధతిలో పెట్టి 1,250,000 అని గమనికలో చూపితే చాలు. డాలర్లలోకి మార్చడం అనువాదకుడి పని కాదు. అసలులో అక్షరాలా రాసిన మొత్తం ఉంటే అనువాదంలోనూ అక్షరాలా ఉండాలి. అంకెకూ అక్షరానికీ తేడా ఉంటే రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

పేరు అక్షరాలు పాస్‌పోర్టుతో కలవకపోతే?

తెలుగులో ఒకటిగా కనిపించే పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా మారడం మామూలే. శ్రీనివాసరావు ఒకచోట ఒకే మాటగా, మరొకచోట రెండుగా ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పని మొదలుపెట్టే ముందే పాస్‌పోర్టు నకలు అనువాదకుడికి ఇచ్చి, తెలుగు పేరు అక్షరాల్లో తేడా లేనంతవరకు పాస్‌పోర్టులోని అక్షర క్రమమే వాడమని చెప్పండి. తెలుగులోనే పేరు తేడాగా ఉంటే, ఉదాహరణకు దస్తావేజులో ‘అప్పలనాయుడు’, ఆధార్‌లో ‘అప్పల నర్సింహనాయుడు’ అని ఉంటే, అనువాదకుడు వాటిని కలపకూడదు. ఇద్దరూ ఒక్కరేనని మీరు నోటరీ ఎదుట అఫిడవిట్ ఇవ్వాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళల విషయంలోనూ ఇదే మార్గం.

అసలు పత్రంలోనే తప్పు ఉంటే అనువాదకుడు సరిదిద్దవచ్చా?

వీల్లేదు. తండ్రి పేరులో అక్షరం పోయినా, సర్వే నంబరు తారుమారైనా, మొత్తం కూడికలో తేడా ఉన్నా, ఉన్నదే అనువాదంలోకి రావాలి. ‘అసలులో ఇలాగే ఉంది’ అని పక్కన రాయడానికి మాత్రం అనువాదకుడికి స్వేచ్ఛ ఉంది. సవరణ కావాలంటే పత్రం ఇచ్చిన కార్యాలయంలోనే చేయించుకోవాలి. అనువాదం చేసేటప్పుడు కొంచెం సర్దమని అడిగేవారు ఉన్నారు, సర్దేవారు కూడా ఉన్నారు. ఆ కాగితం తర్వాత ఎవరైనా తెలుగు తెలిసిన అధికారి చేతిలో పడితే దాన్ని తప్పుడు పత్రంగానే చూస్తారు, వీసా తిరస్కరణతో ఆగకపోవచ్చు.

చిరిగిన చోట్లు, చెరిగిన ముద్రలు ఉంటే?

చదవలేని చోట ‘చదవడానికి వీలుగా లేదు’ అని, చిరిగిన చోట ‘చిరిగినది’ అని రాయాలి. ముద్ర ఉంటే దాని ఆకారం, అందులోని మాటలు, సంతకం ఉంటే ఎవరి హోదాలో పెట్టారో చెప్పాలి. పాత దస్తావేజుల్లో తెలుగు అంకెలు, తిథులు, సంవత్సర నామాలు ఉంటాయి కనుక ఆ అలవాటు ఉన్నవారికే ఇవ్వండి. దస్తావేజు మరీ పాడైపోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాని నుంచే అనువాదం చేయించడం మంచిది.

మా భూమి ఒడిశా వైపు ఉంది. కాగితాలు ఒడియాలో ఉన్నాయి.

ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం, పార్వతీపురం వైపు కుటుంబాలకు బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఆస్తులు, ఖాతాలు ఉండటం కొత్త కాదు. ఒడియా మాట్లాడటం వచ్చినవారందరికీ ఒడియా రెవెన్యూ పత్రం చదవడం రాదు. ఒడియా నుంచి తెలుగు, తెలుగు నుంచి ఇంగ్లీషు అని రెండు అంచెల్లో చేయించవద్దు. నేరుగా ఇంగ్లీషులోకి చేయగలిగిన వ్యక్తిని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో వెతకడం మేలు. ధ్రువీకరణలో ‘ఒడియా నుంచి’ అని భాష పేరు స్పష్టంగా ఉండాలి.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారి అరబిక్ కాగితాల సంగతేమిటి?

జీతపు బకాయి, పని ముగింపు సొమ్ము, ప్రమాద పరిహారం వంటి పత్రాలు అరబిక్‌లో ఉంటే, వీలైనంతవరకు అక్కడే అనువాదం చేయించుకుని రావాలి. యూఏఈలో న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న అనువాదకులు ఉంటారు. ఆ ముద్రతో వచ్చిన ఇంగ్లీషు ప్రతిని ఇక్కడి బ్యాంకుకు, కోర్టుకు చూపడం సులభం. ఉద్దానం ఊళ్లలో మనిషి తిరిగి వచ్చాకో, లేక అక్కడ ప్రాణమే పోయాకో ఈ కాగితాలతో కుటుంబం తిప్పలు పడుతుంది. అరబిక్ అనువాదకుణ్ని ఇక్కడ వెతకడం చాలా కష్టం.

చీటీల పుస్తకం, పొదుపు సంఘం పుస్తకం ఆధారంగా చూపవచ్చా?

1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన సంస్థ పాసు పుస్తకమైతే చూపవచ్చు. ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీ కాగితాన్ని ఎంత బాగా అనువదించినా ఆధారంగా ఒప్పుకోరు. పొదుపు సంఘం విషయంలో మీ వాటా ఎంతో బ్యాంకు లేఖ తీసుకోండి, తీర్మానాల పుస్తకం మొత్తం అనువాదం చేయించవద్దు.

ఫోనులోని అనువాద యాప్‌తో చేసుకుని సంతకం పెట్టించుకోవచ్చా?

విషయం అర్థం చేసుకోవడానికి యాప్ ఉపయోగపడుతుంది. అధికారిక ప్రతికి కాదు. రెవెన్యూ పదాలు, చేతిరాత, గళ్ల అమరిక, ముద్రలు దానికి అందవు. పేర్లలో అర్థం ఉన్న మాటలు కనిపిస్తే వాటినీ అనువదించేస్తుంది. పైగా ఖాతా వివరాలు, ఆధార్ నంబరు ఉన్న పత్రాన్ని ఎక్కడికి పంపుతున్నామో ఆలోచించాలి.

కోర్టు పనికి ఎప్పుడు అనువాదం కావాలి?

శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో తెలుగు పత్రాన్ని తెలుగులోనే దాఖలు చేస్తారు. కేసు అప్పీలు మీద హైకోర్టుకు వెళ్తే రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం అక్కడి భాష ఇంగ్లీషు కనుక అనువాదం కావాలి. బ్యాంకు బకాయిల విషయం విశాఖపట్నంలోని రుణ వసూలు ట్రైబ్యునల్‌కు వెళ్లినా అంతే. కోర్టు పనికి మీ న్యాయవాది చెప్పిన నమూనాలోనే చేయించండి. వీసాకు చేయించినది ఇక్కడ సరిపోకపోవచ్చు.

ఎంత ముందుగా మొదలుపెట్టాలి? ఖర్చు ఎంత?

పేజీకి ఇంత అని కొందరు, మాటకు ఇంత అని కొందరు తీసుకుంటారు. అడంగల్ వంటి గళ్ల పత్రానికి పేజీ లెక్క, దస్తావేజుకు మాటల లెక్క న్యాయంగా ఉంటుంది. నోటరీ ఖర్చు, స్టాంపు కాగితం ఖర్చు, అదనపు ప్రతుల ఖర్చు అందులో ఉన్నాయో లేదో ముందే మాట్లాడుకోవాలి.

సమయం విషయంలో బ్రిటన్ విద్యార్థి వీసా లెక్క తెలుసుకోవాలి. చూపే సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28 రోజులు ముగిసిన తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజులకు మించి వెనక ఉండకూడదు. ఈ లెక్క బ్యాంకు పత్రానిది, అనువాదం తేదీది కాదు. సహకార బ్యాంకు పాసు పుస్తకం తీసుకుని, అనువాదానికి రెండు వారాలు, నోటరీకి ఇంకో వారం గడిపితే ఆ 31 రోజుల్లో చాలా భాగం ఇక్కడే కరిగిపోతుంది. కనుక దస్తావేజులు, అడంగల్ వంటి మారని పత్రాల అనువాదం ముందే పూర్తిచేసుకుని, ఖాతా నిల్వ పత్రాన్ని చివర్లో, వీలైతే ఇంగ్లీషులోనే తీసుకోవాలి.

పత్రాలు ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఏ జాగ్రత్తలు పాటించాలి?

అసలు దస్తావేజులను అనువాదకుడి దగ్గర వదిలి రావద్దు. రెండువైపులా స్కాన్ చేసిన ప్రతి చాలు, నోటరీ దగ్గర మాత్రం అసలు చూపండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ప్రతి ఇవ్వండి. తీసుకునేటప్పుడు అసలును, అనువాదాన్ని పక్కపక్కన పెట్టి, ఒకరు గట్టిగా అంకెలు చదువుతుంటే మరొకరు సరిచూడండి. ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీలు, మొత్తాలు చూస్తే సగం పని అయినట్టే. ప్రతి పేజీ మీద అనువాదకుడి సంతకం, ‘మొత్తం పేజీల్లో ఇది ఎన్నోది’ అనే సంఖ్య ఉండాలి. సాఫ్ట్ కాపీ కూడా అడిగి పుచ్చుకోండి.

అనువాదం బాగాలేదని తిప్పి పంపితే?

తిప్పి పంపిన లేఖలో కారణం చదవండి. ధ్రువీకరణలో వాక్యం గానీ తేదీ గానీ లోపించిందని అంటే అదే అనువాదకుడు కొత్త ధ్రువీకరణ పేజీ ఇస్తే సరిపోతుంది, మొత్తం మళ్లీ చేయించనక్కరలేదు. పాత సంతకం మీద కొత్త తేదీ దిద్దడం మాత్రం ఒప్పుకోవద్దు. అనువాదంలో తప్పు ఉందని అంటే సవరించిన ప్రతితోపాటు ఏ పేజీలో ఏది మారిందో తెలిపే చిన్న లేఖను అనువాదకుడి చేత రాయించి జతచేయాలి. అసలు పత్రం మీదే సందేహమని అంటే అనువాదకుడి దగ్గరకు వెళ్లి ప్రయోజనం లేదు, ఆ పత్రం ఇచ్చిన బ్యాంకు శాఖకో తహసీల్దారు కార్యాలయానికో వెళ్లి ధ్రువీకరణ లేఖ తెచ్చుకోవాలి.